మెట్ల కింద తరుగు

కాటా మేస్త్రి నమ్మేవి ఈ లోకంలో రెండే రెండు. ఒకటి ఆయన త్రాసు, రెండోది ఆ త్రాసు ముల్లు. మిగతా వాళ్ళూ వీళ్ళూ అంతా ఆయన దృష్టిలో విచారణలో ఉన్నట్టే లెక్క. బస్సు టైముకొస్తే డ్రైవరు ఎక్కడో తప్పు చేసి పారిపోయి వస్తున్నాడేమో అనుకునేవాడు. టీ కొట్టతను చక్కెర కాస్త ఎక్కువేస్తే పాలు విరిగి ఉంటాయనేవాడు. ఎదురుగదివాళ్ళు పలకరిస్తే అప్పు కోసం, పలకరించకపోతే పగబట్టి. ఇలాంటి మనిషితో ఇరవై ఎనిమిదేళ్ళు కాపురం చేసిన ఇల్లాలిని మెచ్చుకోవాలి గానీ మేస్త్రిని తప్పుపట్టి లాభం లేదు. ఆయన పని అలాంటిది. ముప్ఫై ఏళ్ళుగా కొట్ల వెంట తిరిగి చెడిన కాటాలు బాగుచేస్తున్నాడు. పళ్ళెం అడుగున అయస్కాంతం అంటించినవాణ్ణి చూశాడు, తూకపు రాయి అడుగున సీసం తొలిచేసినవాణ్ణి చూశాడు, తన బొటనవేలి బరువు కూడా బేరంలో కలిపి అమ్ముకునేవాణ్ణి చూశాడు. అంతమందిని చూశాక ఎవరైనా అలాగే తయారవుతారు.

అలాగని ఆయనదేమీ ఏడుపుగొట్టు బతుకు కాదు, ఆ మాట ముందే చెప్పుకోవాలి. "పట్నంలో డబ్బున్నవాడు ఎవడైనా బతుకుతాడయ్యా, అందులో గొప్పేముంది?" అనేవాడు. లిఫ్టు లేని బిల్డింగులో నాలుగో అంతస్తు మూలగది ఆయనది. మెట్లెక్కలేనివాళ్ళంతా వద్దనుకున్నారు కాబట్టి అద్దె తక్కువ, రెండు వైపులా కిటికీలున్నాయి కాబట్టి గాలి ఎక్కువ. ఆయన కోటు పాతబట్టల బజారులో కొన్నదే, కానీ కింది అంతస్తు దర్జీ అక్క భుజాలు తగ్గించి కుట్టాక అది ఆయన కోసమే పుట్టిందన్నా నమ్ముతారు. బదులుగా ఆవిడ కత్తెరలకు సాన పట్టేది ఈయనే. రెండో అంతస్తు సెలూన్ మావయ్య నెలకోసారి క్షవరం చేస్తాడు, ఈయన వెళ్ళి సెలూన్ కుర్చీలు బిగించి వస్తాడు. న్యూస్‌పేపరు బిల్డింగు మొత్తానికి ఒక్కటే. పొద్దున మూడో అంతస్తు మాస్టారి గదిలో మొదలై సాయంత్రానికి నాలుగో అంతస్తు చేరుతుంది. వార్త చల్లారాకే చదవాలి, అప్పటికి అబద్ధమేదో తేలిపోతుంది అనేది ఆయన సిద్ధాంతం. బుధవారం మ్యూజియం ఉచితం, ఆదివారం సాయంత్రం పార్కులో బ్యాండు ఉచితం. భార్యను వెంటబెట్టుకుని ముందు బెంచీలో కూర్చునేవాడు. "మంచమున్నంతే కాళ్ళు చాపుకోవాలి, సరే. చాపిన కాళ్ళకి ఇస్త్రీ ప్యాంటు ఉండాలా వద్దా?" అనేవాడు.

ఈ దర్జా అంతా దేని మీద నిలబడిందయ్యా అంటే, పొత్తు మీద. ఆ బిల్డింగులో పది గదులవాళ్ళు కలిసి నెలకోసారి టోకు మార్కెట్లో సరుకు కొంటారు. యాభై కిలోల బియ్యం బస్తా, పప్పు, చక్కెర, నూనె డబ్బా. వీధి చివరి కొట్టులో విడిగా కొంటే అయ్యేదానికీ దీనికీ ఎంత తేడా ఉందంటే, ఆ తేడాతోనే మూలగది అద్దె సగం గడిచిపోతుంది. పొత్తు పోతే ఆ గదీ లేదు, ఆ గాలీ లేదు. మూటాముల్లె సర్దుకుని, చివరి బస్టాపు దిగాక ఇంకో గంట నడవాల్సిన శివార్లకు పోవాల్సిందే. ఆ సంగతి మేస్త్రికి తెలుసు, ఆయన భార్యకు ఇంకా బాగా తెలుసు.

పొత్తుకు పద్ధతులున్నాయి. శనివారం మధ్యాహ్నం సరుకు వచ్చి మెట్ల కింద గదిలో పడుతుంది. తాళంచెవి దర్జీ అక్క దగ్గర ఉంటుంది. ఆదివారం పొద్దున వాటాలు. డబ్బు పోగుచేసి మార్కెట్లో కట్టేది మూడో అంతస్తు మాస్టారు, రిటైరైన లెక్కల మాస్టారు. తూకం మాత్రం మేస్త్రిదే. "డబ్బు సంగతి నా చెవిన వెయ్యకండి. డబ్బు ముట్టినవాడి తూకం ఎవడూ నమ్మడు," అని మొదట్లోనే తేల్చి చెప్పాడు. అందుకే తన ఇంటి వాటా డబ్బు కూడా భార్య చేత్తోనే మాస్టారికి ఇప్పించేవాడు. ఎంతిచ్చావని కూడా అడిగేవాడు కాదు. అన్నిటినీ కెలికే మనిషి ఈ ఒక్కటీ కెలక్కూడదని నియమం పెట్టుకున్నాడు.

మేస్త్రి లేని పొత్తును ఊహించడం కష్టం. ఆయన మార్కెట్లో అడుగుపెడితే చాలు, వ్యాపారులు కాటా మీది చెయ్యి తీసి జేబులో పెట్టుకునేవాళ్ళు. "మేస్త్రి పక్కనుంటే యాభై అంటే యాభయ్యే. లేకపోతే యాభై అంటే నలభై ఎనిమిదిన్నర, పైగా మనదే తప్పు," అనేవాడు సెలూన్ మావయ్య.

పదో గది మేస్త్రి సొంత తమ్ముడిది. ఇస్త్రీ పని. గేటు పక్కన బల్ల వేసుకుని పొద్దస్తమానం నిలబడే ఉండేవాడు. అన్న చొక్కా మీద ముడత కనిపిస్తే తన పరువే పోయినట్టు బాధపడేవాడు. మూడు నెలల కిందట, ఒక వాటాల ఆదివారం, కట్టిన పప్పు పొట్లాలు పది ఉండాల్సింది తొమ్మిదే తేలాయి. మేస్త్రి అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. గదులన్నీ చూడాల్సిందేనని పట్టుబట్టాడు. తమ్ముడు తన వాటా పొట్లం ఒక్కటే పట్టుకుపోయాడు, కానీ అతని గది అలమరలో రెండు దొరికాయి. రెండిటికీ మేస్త్రి వేసే ముడే ఉంది.

"అందులో ఒకటి నాది, పోయిన నెల నేనే బదులిచ్చాను," అంది దర్జీ అక్క.

"వెనకేసుకు రాకమ్మా. అబద్ధానికి సాక్ష్యం చెప్పడం కూడా దొంగతనమే," అన్నాడు మేస్త్రి.

"నేను తియ్యలేదన్నయ్యా," అన్నాడు తమ్ముడు.

"దొంగలందరూ అప్పజెప్పే పాఠం అదే," అన్నాడు మేస్త్రి, బిల్డింగంతా వింటుండగా. "పొత్తులో వాడైనా ఉండాలి, నేనైనా ఉండాలి. తేల్చుకోండి."

అందరూ ఎవరి సంచి వాళ్ళు తీసుకుని మెట్లెక్కారు. వారం తిరక్కుండా తమ్ముడు పెళ్ళాం పిల్లల్ని తీసుకుని, ఇస్త్రీ బల్ల తోపుడు బండి మీద వేసుకుని వెళ్ళిపోయాడు. కాలువ అవతల ఎక్కడో దిగాడని అన్నారు. ఎక్కడని అన్న అడగలేదు.

ఇక ఇది మనలో మన మాట. తమ్ముడు వెళ్ళిన మర్నాడు మేస్త్రి పనికి పోబోతూ పనిముట్ల సంచి దులిపాడు. అడుగున, రాళ్ళ డబ్బా కింద, ఆ పదో పప్పు పొట్లం నలిగిపోయి ఉంది. త్రాసు సర్దేటప్పుడు రాళ్ళతో పాటు తానే వేసేసుకున్నాడు. పరుగెత్తుకెళ్ళి చెప్పేద్దామనుకున్నాడు, చెప్పులు కూడా వేసుకున్నాడు. కానీ ఏమని చెబుతాడు? పది పొట్లాలు సరిగ్గా చూసుకోలేనివాడు తూకం వేస్తున్నాడని పదిమందీ నవ్వరూ? భార్య నీళ్ళకు వెళ్ళిన సమయం చూసి పొట్లం విప్పి, ఇంట్లో పప్పు డబ్బాలో పోసేశాడు. కాగితం చించి పారేశాడు. ఆ రోజు నుంచి ఆయన అనుమానానికి అంతూ పొంతూ లేకుండా పోయింది. తాను ఒకటి దాచాడు కాబట్టి, ఎవరి మొహం చూసినా ఏదో దాస్తున్నట్టే కనిపించేది.

అప్పుడే బియ్యం తగ్గడం మొదలైంది.

తొమ్మిది మందే కదా ఇప్పుడు. యాభైని తొమ్మిదితో భాగిస్తే తలా ఐదున్నర కిలోలకు పైనే రావాలి. మొదటి నెల మేస్త్రికి జ్వరం, మార్కెట్టుకు పోలేదు. ఆదివారం తూస్తే తలా ఐదు కిలోలు, ఓ గుప్పెడు పైన. "బస్తా చిరిగి దారిలో కారిందండీ," అన్నారు మాస్టారు. రెండో నెల మేస్త్రి తానే మార్కెట్లో తూచి, మూతి కుట్టించి, బండి వెనకే నడిచివచ్చి, మెట్ల కింద పెట్టించాడు. తెల్లారి చూస్తే కుట్టు ఊడి ఉంది, బస్తాలో నలభై ఐదున్నర ఉంది.

"తరుగు పోయుంటుంది," అన్నాడు సెలూన్ మావయ్య. సరుకు ఆరిపోయో, కారిపోయో తగ్గే బరువును బజారులో తరుగంటారు.

"తరుగా! ఒక్క రోజులో నాలుగున్నర కిలోలు ఆరిపోవడానికి అది బియ్యమా, తడి దుప్పటా?" అన్నాడు మేస్త్రి. "ఎవరో తీస్తున్నారు."

ఆ నెలంతా ఆయనకు నిద్రాహారాలు లేవు. తాళం చూశాడు. నూనె రాసి ఉంది. చప్పుడు కాకుండా తియ్యడానికి కాకపోతే తాళానికి నూనెందుకు?

"తుప్పు పట్టకుండా మేస్త్రిగారూ," అంది దర్జీ అక్క.

"ఇన్నాళ్ళూ పట్టని తుప్పు ఇప్పుడే పడుతోందా?"

"మీకు పట్టింది చాలు లెండి," అని ఆవిడ మిషను తొక్కడం మొదలుపెట్టింది. ఆ మాట కూడా ఆయన మనసులో రాసుకున్నాడు. సెలూన్ మావయ్య భార్య కొత్త డబ్బా కొంటే దాని చుట్టుకొలత అంచనా వేశాడు. మాస్టారు రెండుసార్లు ముందుగా నమస్కారం పెడితే, పెద్దమనిషి వరసగా రెండు నమస్కారాలు పెట్టాడంటే ఏదో ఉందనుకున్నాడు. అన్నిటికన్నా ఆయన్ని తినేసింది మరొకటుంది. మెట్ల మీద నలుగురు నిలబడి మాట్లాడుకుంటూ ఉంటారు, ఈయన చెప్పుల చప్పుడు వినబడగానే మాట ఆగిపోతుంది. ఒకసారి కాదు, ప్రతిసారీ. గుమ్మడికాయల దొంగంటే ఒకడు భుజాలు తడుముకుంటాడు, ఇక్కడ బిల్డింగు బిల్డింగే తడుముకుంటోంది.

"అందరూ కలిసి చేస్తున్నారేమోనే," అన్నాడు భార్యతో.

"ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మీకెందుకండీ తలనొప్పి? వచ్చిందేదో తిందాం," అంది ఆవిడ, తల ఎత్తకుండా.

ఇల్లంటే బిల్డింగు అనుకున్నాడాయన. పాపం, అంతవరకే పోయింది ఆయన బుర్ర.

మూడో నెల సరుకు రావడానికి ముందురోజు మేస్త్రి మెట్ల మధ్యలో నిలబడి, నాలుగంతస్తులకూ వినబడేలా చెప్పేశాడు. "ఈ ఆదివారం దొంగ పేరు అందరి ముందూ చెబుతాను. చెప్పలేకపోతే నా త్రాసు నేను ఎత్తుకుని పొత్తులోంచి పోతాను. ఆపైన మీ ఇష్టం, మార్కెట్టువాళ్ళ ఇష్టం."

గదిలోకి రాగానే భార్య తలుపు వేసింది. "పోయి? పొత్తు లేకుండా ఈ గది మూణ్ణెల్లు నిలుస్తుందా? శివార్లనుంచి మీరు ఆ సంచి మోసుకుని రోజూ ఎన్ని బస్సులు మారతారు? ఈ వయసులో?"

"గది కోసం దొంగతో పొత్తు తినమంటావా?"

"దొంగ, దొంగ! ఆ మాట ఈ ఇంట్లో ఇంక అనకండి, చెబుతున్నా," అంది. ఆవిడ గొంతులో వణుకు ఆయనకు వినబడింది. భయపడుతోంది పిచ్చిది, గది పోతుందని, అనుకున్నాడు.

శనివారం బస్తా దిగింది. తూచాడు, యాభై. కోటు వేసుకుని, పనిముట్ల సంచి భుజాన తగిలించుకుని, "పెద్ద కొట్టులో కాటా చెడిందట, సాయంత్రం దాకా రాను," అని అవసరం లేనివాళ్ళకు కూడా చెప్పి బయటపడ్డాడు. సందు తిరిగి, వెనకనుంచి వచ్చి, గేటుకు ఎదురుగా ఉన్న టీ కొట్టులో స్తంభం చాటున కూర్చున్నాడు. రోజుకొక టీ మించి తాగని మనిషి ఆ రోజు మూడు తాగాడు. మాస్టారు బయటికి వచ్చారు, చెప్పు తెగితే తిట్టుకుంటూ లోపలికి పోయారు. సెలూన్ మావయ్య భోజనానికి వచ్చి వెళ్ళాడు. మూడో టీ సగంలో ఉండగా దర్జీ అక్క వాకిట్లోకి వచ్చి, వీధి అటూ ఇటూ చూసింది. దొరికావే తల్లీ అనుకుని మేస్త్రి గ్లాసు కింద పెట్టాడు. ఆవిడ చీర కొంగులోంచి తాళంచెవి తీసి వెనక్కి తిరిగి ఎవరి చేతిలోనో పెట్టింది.

ఆ చెయ్యి ఆయన భార్యది.

సరే, లోపల ఏదైనా మర్చిపోయి ఉంటుంది అనుకున్నాడు. బస్తా మూతి సరిగ్గా ఉందో లేదో నా కోసమే చూస్తోందేమో అనుకున్నాడు. పది నిమిషాలకు ఆవిడ నీలం గుడ్డసంచి భుజాన వేసుకుని బయటికి వచ్చింది. ఒక పక్కకి ఒరిగి నడుస్తోంది. ఆ ఒరుగు చూడగానే సంచిలో నాలుగు కిలోల పైన ఉందని మేస్త్రికి తెలిసిపోయింది. తెలియకపోతే బాగుండునని బతుకులో మొదటిసారి అనిపించింది.

ఆవిడ ముందు తలుపునుంచి బస్సెక్కింది, ఈయన వెనక తలుపునుంచి. జనం మధ్య నక్కి నిలబడ్డాడే గానీ బుర్ర ఒక్క చోట నిలబడలేదు. అమ్ముతోందా? అమ్మితే ఆ డబ్బేం చేస్తోంది? వాళ్ళ పుట్టింటివాళ్ళెవరైనా పట్నం వచ్చి ఉన్నారా? ఇన్నేళ్ళూ లోకంలో అందరి కాటాలూ విప్పి చూసి, పక్కలో మనిషిని చూడలేదా నేను? రేపు తొమ్మిది మంది ముందు నిలబడి ఏ నోటితో పేరు చెబుతాడు? చెప్పకపోతే త్రాసు తీసుకుని పోతానన్నాడు. చెబితే ఎక్కడికి పోతాడు?

కాలువ వంతెన దాటాక ఆవిడ దిగింది. ఈయనా దిగాడు. ఇరుకు సందు, రెండు వైపులా దండేల మీద ఆరేసిన దుప్పట్లు. కాలిన బొగ్గు వాసన, వేడి బట్ట వాసన. ఆ వాసన తగలగానే కాళ్ళు ఆగిపోయాయి. దుప్పటి చాటునుంచి చూశాడు. రేకు పందిరి కింద అదే బల్ల, దాని వెనక తమ్ముడు. చిక్కిపోయాడు.

"ఇంత దూరం ఎందుకు మోసుకొస్తావు వదినా? కబురు పెడితే నేనే వచ్చి తెచ్చుకోనా?"

"నువ్వొస్తే ఇంకేమన్నా ఉందా? మీ అన్నయ్య కళ్ళు గేటుకే వేలాడుతున్నాయి."

మరదలు లోపలినుంచి వచ్చి సంచి అందుకుంది. "తూచారా అక్కా? పోయిన రెండు నెలలూ నెలాఖరుకు చాల్లేదు."

"తూచడం నాకెక్కడొచ్చు? పది డబ్బాలు కొలిచి పోశాను."

తమ్ముడు నవ్వాడు. "డబ్బా కొలతను ఏం నమ్ముతాం వదినా? అదే అన్నయ్య తూచిందైతే కళ్ళు మూసుకుని తీసుకోవచ్చు. ఆ చేతిలో గింజ అటూ ఇటూ కాదు."

తిట్టి ఉంటే తట్టుకునేవాడు మేస్త్రి. శాపనార్థాలు పెట్టినా, వీడూ నాలాంటివాడే కదా అని సర్దుకునేవాడు. దొంగ అని వెళ్ళగొట్టిన మనిషి తూకాన్ని పట్టుకుని వీడు ఇంకా ఇలా అంటాడేమిటి? కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. దుప్పటి తప్పించుకుని ముందుకొచ్చాడు.

భార్య "అమ్మో" అంది. మరదలు సంచి గుండెకు అదుముకుంది. మేస్త్రి చెయ్యి చాపాడు. ఆమె ఇవ్వలేదు, ఆయనే పిడి పట్టుకుని ఒక్కసారి పైకెత్తి దించాడు.

"నాలుగున్నర," అన్నాడు. "అర కిలో తక్కువ."

మూడు నెలల తర్వాత తమ్ముడి ముందు అన్న నోట వచ్చిన మొదటి మాట అది.

"తక్కువే ఉంటుంది!" భార్య విరుచుకుపడింది. "మీ చేతులు నాకెక్కణ్ణుంచి వస్తాయి? దొంగతనం అనుకున్నారా? వీళ్ళ వాటా డబ్బు నెల నెలా నా చేతికే ఇస్తున్నారు, మన డబ్బుతో పాటు మాస్టారికి కడుతున్నాను. పొత్తులో పదిమందీ అలాగే ఉన్నారు. తీసేసింది మీరొక్కరే."

"అందరికీ తెలుసా?"

"మీకు తప్ప."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే త్రాసెత్తుకుని పోతాననేవారు. మీరు లేకపోతే మార్కెట్టువాళ్ళు మమ్మల్ని నిలువునా ముంచుతారు. వీళ్ళని వదిలెయ్యడానికేమో ఎవరికీ మనసొప్పలేదు. మరేం చెయ్యమంటారు, మీరే చెప్పండి?"

మేస్త్రి మూడు నెలలుగా అందరి తూకమూ వేశాడు, ఇంట్లో మనిషిని వాటా ఎంతిచ్చావే అని ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. ఐదు కిలోలకు సరిపడా డబ్బే ఇస్తున్నారని తెలిసిపోయేది. అడగలేదు. నియమం కదా.

తమ్ముడు ఇస్త్రీపెట్టె నిలబెట్టి, స్టూలు లాగి వేశాడు. మేస్త్రి కూర్చోలేదు.

"ఆ పప్పు పొట్లం నా సంచిలోనే ఉందిరా," అన్నాడు. "రాళ్ళ డబ్బా కింద. నువ్వెళ్ళిన మర్నాడే దొరికింది. నాకు తెలుసు. అప్పటినుంచీ తెలుసు."

భార్య మెల్లగా అంది, "పప్పు డబ్బా మూత దాకా నిండిన రోజే నాకూ తెలిసింది. మీ నోటితో మీరే చెబుతారని చూశాను. ఎన్నాళ్ళు చూశానో."

"పోనీలే అన్నయ్యా," అన్నాడు తమ్ముడు, బల్ల మీది చొక్కా సర్దుతూ. "అయిపోయిందేదో అయిపోయింది."

"మీకు అయిపోయిందేమో, నాకు అవ్వలేదు," అంది మరదలు. ఇన్నేళ్ళలో ఆమె మేస్త్రి మొహం చూసి నేరుగా మాట్లాడటం అదే మొదలు. "బావగారూ, దొంగ అన్నది బిల్డింగంతా వింటుండగా. కాదన్న మాట ఈ సందులో, దుప్పట్ల మధ్య చెబితే ఎలా సరిపోతుంది? మా పిల్ల ఇప్పటికీ స్కూలుకి ఆ వీధిలోంచి పోనంటుంది. చుట్టూ తిరిగి పోతోంది."

"ఊరుకోవే," అన్నాడు తమ్ముడు.

"ఊరుకునే ఇక్కడిదాకా వచ్చాం," అంది ఆమె.

ఆదివారం పొద్దున వాకిట్లో త్రాసు వేలాడదీసేసరికి తొమ్మిది గదులవాళ్ళూ వచ్చేశారు. ఎవరి మొహంలోనూ నెత్తురు చుక్క లేదు. ఈయన పట్టేశాడని వాళ్ళకు అర్థమైపోయింది. ఎవరి పేరు చెబుతాడో, త్రాసు తీసుకుని పోతే తమ గతేమిటో అని చూస్తున్నారు. దర్జీ అక్క గోడకు ఆనుకుని, రావలసిన తిట్లకు సిద్ధమై నిలబడింది. గేటు తీసుకుని మరదలు వచ్చింది. నీలం సంచీ తెచ్చింది, నిన్నటి బియ్యంతో సహా.

"వాడు రాలేదా?" అన్నాడు మేస్త్రి.

"రానన్నారు. అన్న తల దించుకుంటే చూడలేరట," అంది. "నేను చూడగలను."

మేస్త్రి త్రాసు వదిలి అందరి వైపూ తిరిగాడు. "మా తమ్ముడు పప్పు తియ్యలేదు. పొట్లం నా సంచిలోనే ఉంది. ఆ సంగతి మూడు నెలలుగా నాకు తెలుసు. తెలిసి చెప్పలేదు. సిగ్గేసి చెప్పలేదు."

సెలూన్ మావయ్య నేల చూశాడు. మాస్టారు, "సరేనండి, మనిషన్నాక పొరపాటు..." అని మొదలుపెట్టబోయారు.

"ఆగండి మాస్టారూ," అంది దర్జీ అక్క. "ఆ రోజు నేను చెప్పాను కదా మేస్త్రిగారూ, అందులో ఒకటి నాదని? నాది అబద్ధపు సాక్ష్యమన్నారు, అది కూడా దొంగతనమేనన్నారు."

"అన్నాను," అన్నాడు మేస్త్రి. "నీది నిజం. నాదే అబద్ధం."

ఆవిడ కళ్ళు తుడుచుకుంది. క్షమించినట్టు మాత్రం ఏమీ అనలేదు. అందరి వైపూ చూసి, "ఎండెక్కుతోంది, కానివ్వండి," అంది.

మరదలు నీలం సంచి తీసుకెళ్ళి బస్తాలో బోర్లించింది. "పదిమందిలో తూచిందే తీసుకుంటాం," అంది. మేస్త్రి పది వాటాలు తూచాడు. రెండు నెలలుగా తమ్ముడికి తగ్గిన కిలో తన వాటాలోంచి తీసి విడిగా పొట్లం కట్టాడు. ఒక్కొక్కరే సంచులు పట్టి తీసుకుపోయారు. చివర మరదలు మిగిలింది. ఇటు పళ్ళెంలో ఐదు కిలోల రాయి, అటు పళ్ళెంలో బియ్యం. ముల్లు నడిమధ్య నిలబడింది. మేస్త్రి పళ్ళెం ఎత్తి ఆమె సంచిలో పొయ్యబోయాడు.

ఆమె సంచి మూతి మూసేసింది. "మార్చి తూచండి," అంది. "రాయి అటు, బియ్యం ఇటు."

మెట్లెక్కుతున్నవాళ్ళు ఆగిపోయారు. త్రాసులో మోసముందని అనుమానం వచ్చినప్పుడు పెట్టే పరీక్ష అది. ముప్ఫై ఏళ్ళుగా కొట్టుకొట్టుకూ తిరిగి ఎందరి చేతో అలా మార్చి తూయించాడు మేస్త్రి, ఎందరి మొహాలో మాడ్చాడు. ఆయన త్రాసును అలా మార్చమన్న మనిషి అంతవరకూ లేదు.

భార్య మెట్ల మీదనుంచి చూస్తోంది. మేస్త్రి పళ్ళేలు రెండూ ఖాళీ చేసి, రాయి అటు, బియ్యం ఇటు వేశాడు. ముల్లు కదిలి, ఊగి, ఆగేదాకా మరదలు రెప్ప వెయ్యకుండా చూస్తూనే ఉంది.